ఆయాసాన్ని కొలిచేదెవరు?

ఊపిరితిత్తుల జబ్బుల మీద ఏ సభ జరిగినా, ఏ శిబిరం పెట్టినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: జనం నిర్లక్ష్యం చేస్తారు, జబ్బు ముదిరాకే వస్తారు, కాబట్టి అవగాహన పెంచాలి. ఆక్సిజన్ పెట్టుకుని వార్డులో పడుకున్న మనిషిని చూస్తే అది నిజమేననిపిస్తుంది. అయితే ఆ మనిషి ఆయాసమంటూ మొదటిసారి డాక్టరు గడప తొక్కింది ఎప్పుడని అడిగి చూడండి, వాదన అక్కడే తడబడుతుంది. 2011 ఫిబ్రవరి 1న దేశమంతటా ప్రాథమిక వైద్యుల దగ్గరికి వచ్చిన రెండు లక్షల పైచిలుకు రోగుల వివరాలు సేకరించారు. పొసైడాన్ పేరుతో జరిగిన ఆ అధ్యయనంలో సగం మందికి శ్వాసకు సంబంధించిన ఏదో ఒక లక్షణం ఉంది. అందులో మామూలు జలుబు, దగ్గు కూడా కలిసే ఉంటాయి, ఒప్పుకుందాం. అయినా జనం రావడం లేదన్న మాట మాత్రం నిలవదు. ఇక గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ సర్వేలో మన దేశంలో పిల్లికూతలు వస్తున్నవారిలో 82 శాతం మందికి ఆస్తమా అని ఎవరూ నిర్ధారించలేదని తేలింది. తీవ్రమైన లక్షణాలున్నవారిలోనూ 70 శాతం మందిది అదే పరిస్థితి. రాత్రుళ్లు నిద్ర పట్టనంతగా ఎగశ్వాస వచ్చేవాళ్లలో ఇంతమంది డాక్టరు మొహమే చూడలేదంటే నమ్మశక్యమేనా? వెళ్లారు. దగ్గు సిరప్పు, యాంటీబయాటిక్, ఒక ఇంజక్షన్ తీసుకుని తిరిగొచ్చారు.

అసలు లోపం కొలత దగ్గరుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు. రెండింటికీ అంకెలున్నాయి, ఆ అంకె గీత దాటితే మందు మొదలవుతుంది. ఆయాసానికి మాత్రం స్టెతస్కోపు, మహా అయితే ఎక్స్‌రే. గాలిదారులు శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీ అనే జబ్బు తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే కనబడవచ్చు, ఛాతీలో చప్పుడూ వినపడకపోవచ్చు. దాన్ని పట్టేది స్పైరోమీటర్. గుండెల నిండా గాలి పీల్చి ఒక్క బిగిన ఊదితే, మొత్తం గాలిలో మొదటి సెకనులో ఎంత బయటికొచ్చిందో చెబుతుంది. గొట్టాలు విప్పే మందు ఇచ్చాక కూడా అది 70 శాతం దాటకపోతే గాలిదారి మూసుకుపోతోందన్నమాట. జాన్ హచిన్‌సన్ లండన్‌లో స్పైరోమీటర్‌తో తన పరిశీలనలు ప్రకటించింది 1846లో. నూట ఎనభై ఏళ్లు కావస్తున్నా ఆ పరికరం మన మండల కేంద్రం దాకా రాకపోతే, తప్పు రోగి అవగాహనది ఎలా అవుతుంది? ఆడలేక మద్దెల ఓడు అనడం ఇదే.

దీనికి తోడు మరో నమ్మకం: ఇది పొగతాగేవాళ్ల జబ్బు. రాష్ట్రాలవారీ వ్యాధిభారం లెక్కల ప్రకారం 2016లో దేశంలో సీఓపీడీ ఉన్నవారు సుమారు 5.5 కోట్లు. ఆ జబ్బు తెచ్చిన నష్టంలో వాయుకాలుష్యం వాటా దాదాపు 54 శాతం, పొగాకుది 25 శాతం. ఆ కాలుష్యంలో కట్టెల పొయ్యి పొగ కూడా ఉంది. పేదిళ్లకు వంటగ్యాసు ఇచ్చేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం 1999లో, దేశవ్యాప్తంగా ఉజ్వల 2016లో వచ్చాయి. గ్యాసు బండ వచ్చినంత మాత్రాన అంతకు ముందు పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు పొగ మింగిన ఊపిరితిత్తులు కొత్తవైపోవు. అలాంటి యాభై ఏళ్ల మహిళ మెట్లెక్కలేకపోతున్నానని చెబితే సిగరెట్ ప్రశ్నకు జవాబు ‘లేదు’ కాబట్టి ఆ జబ్బు డాక్టరు తలపుకే రాదు. రక్తం తక్కువ, గ్యాస్, వయసు, టెన్షన్. మన రాష్ట్రాల్లో సగం మందికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది గనుక మొదటి జవాబు అబద్ధం కూడా కాదు, చిక్కంతా అక్కడే. ఒక నిజం దొరికాక రెండోదాన్ని ఎవరూ వెతకరు. క్వారీలో, క్రషర్ దగ్గర పనిచేసేవాళ్లదీ ఇదే బాధ. ఎక్స్‌రేలో మచ్చలు కనబడితే టీబీ మందులు మొదలవుతాయి, మీరేం పని చేస్తారన్న ప్రశ్న రాదు, సిలికోసిస్ పేరు బయటికి రాదు. సిలికా దుమ్ము టీబీ ముప్పును కూడా పెంచుతుంది కాబట్టి రెండూ చూడాలి. ఒకటి చూసి ఊరుకుంటున్నారు.

జనం నిజంగానే సర్దుకుపోతారు కదా అనవచ్చు. అవును, నడక తగ్గిస్తారు, బిందె మోయడం కోడలికి అప్పగిస్తారు, మేడ మీదికి వెళ్లడం మానేస్తారు. ఆయాసం పెరిగినట్టు వాళ్లకే తెలియదు. అందుకే ఎలా ఉందని అడిగి వదిలేయకుండా ఊదించి చూడాలి. స్పైరోమెట్రీ సరిగా చేయించడం కష్టం, సగం ఊదితే ఫలితం తప్పొస్తుందన్న అభ్యంతరంలో బలముంది. రక్తం నమూనాను వ్యానులో జిల్లా ల్యాబుకు పంపవచ్చు, ఊపిరిని పంపలేం. యంత్రమూ, ఊదించే మనిషీ రోగి దగ్గరే ఉండాలి. అయినా ఈసీజీ తీయడం నేర్చుకున్న టెక్నీషియన్‌కు ఇది అందని విద్యేమీ కాదు. గ్రాఫును దూరంగా ఉన్న నిపుణుడు చూడవచ్చు. అంతవరకూ కొన్ని వందల రూపాయల పీక్ ఫ్లో మీటరైనా అనుమానమున్నవాళ్లను ముందుకు పంపగలదు. దాని అంకె బాగున్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు, అంతే.

నయం కాని జబ్బుకు పేరు తెలిసి ఏం లాభమని కొందరు పెదవి విరుస్తారు. ఇది అన్నిటికన్నా బలహీనమైన వాదన. ఆయాసం ఒకటే అయినా ఆస్తమాకు ఇన్‌హేలర్, గుండె బలహీనపడితే నీరు తీసే మందు, ఊపిరితిత్తులు గట్టిపడుతుంటే ఆ వేగం తగ్గించే మందు. గట్టిపడిన భాగాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు కాబట్టి పోయిన ప్రతి ఏడాదీ పోయినట్టే. పేరు తెలియనివాళ్లకు దక్కేది నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు, వాటి వెంట షుగర్, గుల్లబారిన ఎముకలు. అవగాహన సభలకు పెట్టే డబ్బులో కొంత ప్రతి పీహెచ్‌సీలో ఒక స్పైరోమీటర్‌కూ, దాన్ని వాడే మనిషి శిక్షణకూ కేటాయించాలి. ఆ పని జరిగేదాకా ‘ఆలస్యంగా వచ్చారు’ అని రోగితో అనే హక్కు ఎవరికీ లేదు.