బల్లమీది బిల్లు

2024 సెప్టెంబరున సింగరేణి లాభములనుండి 796 కోట్ల రూపాయలు కార్మికుల వాటాగా ప్రకటింపబడినవి. ప్రాణమును పణముగా నొడ్డి గని దిగువానికి ఆ సొమ్ము న్యాయార్జితము. కాని గోదావరిఖని బారులలో భోజనముతో మద్యము తెప్పించుకొనువాని బిల్లును జూడుడు. సీసాపై ముద్రించిన ధర వేఱు, పెగ్గుల లెక్కన బల్లమీదికి వచ్చు ధర వేఱు. అన్నము వెల యల్పము, మత్తు వెల యధికము!

అమ్మువానిని మాత్రమే నిందించిన చాలదు. 2017లో వచ్చిన జీఎస్టీకి మద్యము వెలుపలనే యున్నది. దానిపై పన్ను రాష్ట్ర ఖజానాకే చేరును. మద్యనిషేధమునకు యత్నింపుమని రాజ్యాంగపు 47వ అధికరణము నిర్దేశించుచుండగా, ఆ రాబడిపై నాశ పెట్టుకొనుట యే నీతి?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను. ప్రభుత్వము వెనుదీసినను ఆ తల్లుల ప్రశ్న వెనుదీయలేదు.

మేము కోరునది స్వల్పము. ప్రతి బారునందును ధరలపట్టిక తెలుగున గోడకు వ్రేలాడవలెను. గనుల చుట్టును బారులసంఖ్య తగ్గవలెను. వాటా సొమ్ము ముట్టు నెలలో కార్మికసంఘములు మద్యవర్జనమును బోధింపవలెను. కార్మికుని కష్టార్జితముపై తొలి హక్కు వాని యింటిది. ఖజానాది గాదు, బారుది అంతకన్న గాదు.