పిచ్చీ పెళ్లీ బంగాళాదుంప

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. తెగులును తట్టుకునేలా జన్యు సవరణ చేసిన బంగాళాదుంపను పొలంలో పరీక్షించాలా వద్దా అన్న వాదన ఏళ్ల తరబడి ఈ సామెత చుట్టూనే తిరుగుతోంది. "హాని లేదని తేల్చండి, అప్పుడు పొలంలోకి రండి" అంటారు వ్యతిరేకులు. తేల్చాలంటే పొలంలోకి రావాలి కదా అంటే, "అమ్మో, హాని లేదని తేలకుండానే?" అంటారు. వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుంది. తెలుగునాట చదువుకున్నవాళ్లలో చాలామంది అభిప్రాయం కూడా ఇదే: ప్రయోగాలేవో ప్రయోగశాలలో చేసుకోండి, మట్టి జోలికి రావద్దు. దీన్ని జాగ్రత్త అనుకోవడమే పొరపాటు. అనుమానం ఉన్నవాడు తన చేతిలోని ఒకే ఒక ఆయుధాన్ని తానే విరగ్గొట్టుకోవడం ఇది.

ముందు తెగులు సంగతి. చలిగా, ముసురు పట్టి ఉన్న రోజుల్లో బంగాళాదుంప ఆకు అంచున వేడినీళ్లు పడ్డట్టు ఓ తడి మచ్చ కనిపిస్తుంది. చూస్తుండగానే గోధుమ రంగు దాటి నల్లబడుతుంది. పొద్దున్నే ఆకు తిరగేసి చూస్తే మచ్చ చుట్టూ తెల్లటి నూగు. ఆ నూగులోని సిద్ధబీజాలు గాలికి లేచి పక్క చేనుకు పోతాయి, వాన నీటితో జారి మట్టిలోని దుంపకు చేరతాయి. వాతావరణం కలిసొస్తే వారం పది రోజుల్లో పచ్చటి చేను మాడి కుళ్లు కంపు కొడుతుంది. లేట్ బ్లైట్ అన్నా, ఆకుమాడు తెగులన్నా ఇదే. దీనికి మూలమైన ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్ చూడ్డానికి శిలీంధ్రంలా ఉంటుంది గానీ వరసకు నాచు జాతికి చుట్టం. 1845లో ఇది ఐర్లండ్‌లో దిగేనాటికి అక్కడి పేదలు ఎక్కువగా లంపర్ అనే ఒక్క రకం దుంప మీదే బతుకుతున్నారు. ఆ కరువులో పది లక్షల మంది దాకా చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచారు. చావుల్లో లండన్ పాలకుల పాపమూ ఉంది, కాదనలేం. మొదలుపెట్టింది మాత్రం తెగులే.

ఆ తెగులు ఎక్కడికీ పోలేదు. తుపాను హెచ్చరికలు ఇచ్చినట్టే ఐర్లండ్ వాతావరణ శాఖ నేటికీ బ్లైట్ హెచ్చరికలు ఇస్తుంది. వినగానే రైతు స్ప్రేయర్ బయటికి తీస్తాడు. ఐర్లండ్, నెదర్లాండ్స్‌లలో ఒక్క పంటకు పది పదిహేనుసార్లు మందు కొట్టడం మామూలు. తెలుగు రైతు దుకాణంలో "ఎం-45" అని అడిగే మాంకోజెబ్ అక్కడా దశాబ్దాలపాటు రాజ్యమేలింది. 2020 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ దాని అనుమతిని పొడిగించకుండా ఆపేసింది. మరి సేంద్రియ రైతు మందే కొట్టడా? కొడతాడు, రాగి మందు. ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల దాకా రాగి వాడుకోవచ్చని యూరప్ నిబంధనే చెబుతోంది. పడిన రాగి మట్టిలో పేరుకుంటూనే ఉంటుంది. తెగులేమో ఒకచోట ఆగేది కాదు. మెటలాక్సిల్ అనే మందును లెక్కచెయ్యని "బ్లూ 13" జాతి యూరప్‌ను ఊపేసి, ఇటు దక్షిణ భారతంలో టమాటా తోటల మీద పడింది. టమాటా, బంగాళాదుంప ఒకే కుటుంబం, శత్రువూ ఒక్కడే.

జన్యు సవరణను పోల్చి చూడాల్సింది ఈ చేనుతో. ఏ మందూ తగలని, ఏ తెగులూ సోకని ఊహల చేనుతో పోలిస్తే ఏ విత్తనమైనా ఓడిపోతుంది.

స్వీడన్ దక్షిణాన ఆల్నార్ప్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధకులు తెగులును కాక, తెగులుకు తలుపు తీసే మొక్కను చూశారు. మొక్కలోని కొన్ని జన్యువులు తెలియకుండానే శత్రువుకు సాయపడతాయి. డీఎంఆర్6 అలాంటిదే. మొక్క రోగనిరోధక శక్తి మీద అది బ్రేకులా పనిచేస్తుంది. జన్యువుల్ని కోసే క్రిస్పర్ కత్తెరతో ఆ బ్రేకు తీసేస్తే? బంగాళాదుంపతో చిక్కేమిటంటే, ప్రతి జన్యువుకూ నాలుగు ప్రతులుంటాయి. ఒకటి మిగిలినా బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది, నాలుగూ చెడగొట్టాలి. 2021లో ఆ బృందం ప్రచురించిన ఫలితాల్లో మూడు జన్యువులు ముందు వరసలో నిలిచాయి. డీఎన్‌డీ1ను తీసేస్తే తెగులు తగ్గింది గానీ మొక్క ఎదుగుదలే తేడా కొట్టింది. సీహెచ్ఎల్1, డీఎంఆర్6 తీసేసిన మొక్కలు మామూలుగానే పెరిగాయి.

ఇదంతా గాజు గదిలో. అక్కడ వేడి, తేమ మనిషి చెప్పినట్టు వింటాయి. తెగులు కూడా మనిషి ఎంచి చల్లిందే. పొలంలో అలా కుదరదు. ఒక వారం ఎండ, ఒక వారం ముసురు, గాలిలో ఎక్కడెక్కడి జాతులో కలిసిన తెగులు, మట్టిలో పేరు తెలియని వంద రకాల సూక్ష్మజీవులు. బ్రేకు తీసేసిన మొక్క ఎప్పుడూ యుద్ధానికి సిద్ధంగా ఉండి, ఆ కంగారులో దుంప ఊరడం మర్చిపోతే? ఇది వ్యతిరేకులు అడగాల్సిన ప్రశ్న. అడిగింది మాత్రం ఆల్నార్ప్ వాళ్లే. రకరకాల తెగులు జాతులు కలగలిసి తిరిగే చోట వరుసగా నాలుగేళ్లు నాటి చూశారు. 2024లో ఫలితం ప్రకటించారు: ఆకుమాడు తగ్గింది, దిగుబడి పడిపోలేదు, దుంప నాణ్యత చెడలేదు. పొలం నుంచి తవ్వి తెచ్చిన దుంపల్ని పరిశీలిస్తే, తొక్కను గరుకెక్కించి పాడుచేసే స్కాబ్ తెగులు కూడా తక్కువగానే కనిపించింది. ఇదేమీ బ్రహ్మాస్త్రం కాదు. ఒకే దేశం, నాలుగే కాలాలు. అయినా ఈ పంట మీద మాట్లాడే ప్రతివాడికీ, మెచ్చుకునేవాడికీ తిట్టేవాడికీ, ఇప్పుడు పట్టుకోవడానికి కొన్ని అంకెలున్నాయి.

2011 మే 29న బెల్జియంలోని వెట్టెరెన్ దగ్గర ఇలాంటి అంకెల మీదే దాడి జరిగింది. అక్కడ నాటినవి జన్యు సవరణ దుంపలు కావు, అడవి జాతి బంగాళాదుంపల నుంచి తెగులును తట్టుకునే జన్యువులు తెచ్చిపెట్టిన జన్యుమార్పిడి దుంపలు. వందల మంది ఆందోళనకారులు వచ్చారు. పోలీసులున్నా కొందరు కంచె దాటి మొక్కలు పీకారు. అదృష్టవశాత్తు మొత్తం పోలేదు. కానీ పీకేసిన మొక్క ఏం సాక్ష్యం చెబుతుంది? అది ప్రమాదకరమనీ చెప్పదు, కాదనీ చెప్పదు. పైగా కంచె, కాపలా, కెమెరాలు, లైసెన్సు ఖర్చు పెరిగే కొద్దీ పరీక్ష పెట్టగలిగేవాడెవడు? విశ్వవిద్యాలయం కాదు, డబ్బున్న కంపెనీ. బహుళజాతి గుత్తాధిపత్యం మీద పోరాడుతున్నామనే వాళ్లు పోటీలోంచి ప్రభుత్వ పరిశోధకుణ్ని తప్పించి వెళ్లారు. కంపెనీకైతే మరో దేశం ఉంటుంది. బీఏఎస్ఎఫ్ కంపెనీ 2012లో తన మొక్కల జీవసాంకేతిక విభాగాన్ని అమెరికాకు తరలిస్తున్నట్టు ప్రకటించింది, ఆకుమాడును తట్టుకునే ఫార్చునా దుంపకు యూరప్‌లో అనుమతి అడగడం 2013లో మానుకుంది. మందు కొట్టే రైతు అక్కడే ఉండిపోయాడు.

అదే 2012లో ఐర్లండ్ ప్రభుత్వ సంస్థ టీగాస్క్ లైసెన్సు తీసుకుని కార్లోలో ఇలాంటి జన్యుమార్పిడి దుంపల పరీక్ష మొదలుపెట్టింది. కరువు జ్ఞాపకం ఇంకా ఆరని దేశంలో పెద్ద రగడే అయింది. నెదర్లాండ్స్ వాళ్లతో కలిసి చేసిన ఆ పరీక్షల్లో, తట్టుకునే రకాన్నీ తెగులు మీద నిఘానూ జోడిస్తే మందు వాడకం 80 నుంచి 90 శాతం దాకా తగ్గించవచ్చని తేలింది. గమనించండి, "మందే అక్కర్లేదు" అని తేలలేదు. పొలం పొగడదు, తిట్టదు.

"పుప్పొడి ఎగిరి ఊరంతా పాకితే?" అనేది ఎప్పుడూ వచ్చే భయం. బంగాళాదుంపను నాటేది దుంప ముక్కతో, గింజతో కాదు. పక్క చేనులో పువ్వు కలిసినా తవ్వుకునే దుంప మారదు. పుప్పొడి ఎక్కువ దూరం పోదు, యూరప్‌లో దానితో కలిసే అడవి చుట్టాలు లేవు. అసలు గండి వేరే చోట ఉంది: తవ్వకంలో మిగిలిపోయిన చిన్న దుంపలు మరుసటి ఏడు మొలకెత్తుతాయి. వాటి కోసం పరీక్ష ముగిశాక కూడా ఆ మడిని కాపు కాసి, మొలిచినదాన్ని పీకాల్సిందే. ఇక పెరూ సంగతి పూర్తిగా వేరు. బంగాళాదుంప పుట్టిల్లు అది, చుట్టూ అడవి జాతులున్నాయి. జన్యుమార్పిడి పంటల సాగు మీద నిషేధాన్ని 2035 దాకా పొడిగించుకుని ఆ దేశం తప్పు చేసిందని ఎవరూ అనలేరు. ఆండీస్ కొండలకు సరిపోయే భయాన్ని తెచ్చి స్వీడన్ మడికి తగిలించడమే తప్పు.

చట్టమూ తక్కువ తినలేదు. 2018 జులై 25న యూరప్ న్యాయస్థానం జన్యు సవరణ మొక్కలకూ జన్యుమార్పిడి చట్టమే వర్తిస్తుందంది. రేడియేషన్ తగిలించి, రసాయనాల్లో నానబెట్టి, ఎక్కడ ఏం మారిందో తెలియకుండా పుట్టించిన పాత రకాలకు మాత్రం మినహాయింపు. రాయలసీమ రైతుకు చిరపరిచితమైన టీఏజీ-24 వేరుశనగ వంశంలోనూ ట్రాంబే అణు పరిశోధన కేంద్రం రేడియేషన్‌తో పుట్టించిన రకాలున్నాయి. దాని నూనెతో వండుకుంటూ ఎవరూ ఉలిక్కిపడలేదు, పడక్కర్లేదు కూడా.

బీటీ పత్తిని చూపించేవాళ్ల మాటలో బలముంది. 2002లో వచ్చినప్పుడు చెప్పినదొకటి, గులాబీ రంగు పురుగు తర్వాత చూపించినదొకటి. ఒక్క జన్యువు మీద ఆశ పెట్టుకుంటే పురుగైనా తెగులైనా దారి వెతుక్కుంటుంది. ఆకుమాడు అయితే ఆ పనిలో మహా ఘటికురాలు. ఇన్ని తెలిసినవాళ్లు కోరాల్సింది ఇంకా ఎక్కువ ఏళ్లు, ఇంకా ఎక్కువ చోట్ల, ఇంకా బహిరంగంగా పరీక్షలు.

ఇది యూరప్ గొడవే అని తెలుగువాళ్లు పేపరు మడిచేయడానికి లేదు. 2022లో కేంద్రం బయటి జన్యువు లేని సవరణ పంటలకు జన్యుమార్పిడి నిబంధనల్లో చాలావాటి నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మే 4న రెండు సవరణ వరి రకాలు ప్రకటించింది. ఒకటి బాపట్ల సాంబ మసూరిని రాజేంద్రనగర్‌లో సవరించిన కమల, రెండోది మారుటేరు ఎంటీయూ 1010 నుంచి వచ్చిన పూసా డీఎస్‌టీ. చెప్పినంత దిగుబడి రావడం లేదని ఆ తర్వాత విమర్శకులు ఆరోపించారు, భారత వ్యవసాయ పరిశోధన మండలి కాదంది. ఎవరి మాట నిజమన్నది పక్కన పెడదాం. విమర్శకులు ఆధారంగా చూపించింది దేశవ్యాప్త వరి పరీక్షల నివేదికల్నే. ఆ మడులు నాటనిచ్చి ఉండకపోతే వాళ్ల చేతిలో ఏముండేది?

కాబట్టి ఈ రకాల మీద అనుమానమున్నవాళ్లు మొక్క పీకడానికి బయల్దేరే ముందు ఒక పని చెయ్యాలి. ఏ ఏడు, ఏ కేంద్రంలో, ఎకరాకు ఎంత పండింది, ఎక్కడ ఓడిపోయింది, ఏ తెగులు సోకింది, ఆ పట్టిక మొత్తం తెలుగులో అచ్చువేసి తెలంగాణ రైతు వేదికల్లో, ఆంధ్రప్రదేశ్ రైతు సేవా కేంద్రాల్లో గోడకు అంటించమని అడగండి. విత్తన సంచి ఊరికి చేరకముందే.