బుఖారీ చుట్టు కూర్చున్న బడి

ఉర్దూ ఎరిగిన మన సోదరులకు బుఖార్ అనగా జ్వరము. ఆ మాటకు ఆవిరి అను అర్థము కూడ కలదు. కాశ్మీరు, లడఖ్ ప్రాంతముల బడులలో శీతకాలమున గది నడుమ నిలుపు రేకుపొయ్యికి బుఖారీ అని పేరు. కట్టెలో, బొగ్గో, కిరసనాయిలో వేసి మండింతురు. పొగ గొట్టము ద్వారా కప్పు దాటిపోవును. దానితోపాటు వేడిలో చాల పాలు పోవును. పొయ్యి చెంతనున్న పిల్లల ముఖములు మాడుచుండగా, గోడవార కూర్చున్నవారి వ్రేళ్లు కొంకర్లు పోవును. గొట్టము పూడి, కిటికీలు బిగించియున్నచో కార్బన్ మోనాక్సైడు వాసనైనను తెలియనీయక ప్రాణము తీయును. శీతకాలమున అచ్చటి బడులు నెలల తరబడి మూతపడుటకు చలి ఎంత కారణమో, ఈ పొయ్యిల చేతకానితనము కూడ అంత కారణమని మా అభిప్రాయము.

పాత పొయ్యిలు పోవలెననుటలో వివాదము లేదు. వానికి బదులేమి అనుచోటనే మేము కొందరితో ఏకీభవింపజాలము. విద్యుత్ హీటరు పెట్టిన చాలునని వారందురు. సందుల కిటికీలు, పలుచని సిమెంటు గోడలు, రేకుల కప్పు అట్లే యుండగా ఎంత మేలైన యంత్రమును తెచ్చినను అది చిల్లికుండలో నీరు పోయుటయే.

లేహ్ సమీపమున ఫే గ్రామములో సెక్‌మోల్ సంస్థవారి విద్యాప్రాంగణము కలదు. ఆ సంస్థ 1988లో ఏర్పడినది. స్థాపకులలో ఒకరైన సోనమ్ వాంగ్‌చుక్‌కు 2018లో మెగసెసే పురస్కారము లభించినది. అచ్చటి కట్టడములు దిమ్మిసకొట్టిన మట్టివి, దక్షిణమునకు తిరిగియున్నవి. (దక్షిణ ముఖమనగానే ఉలికిపడు మన వాస్తు పండితులు ఒకమారు చూచి రావలెను!) పగలు అద్దముల గుండ వచ్చిన ఎండవేడిని మందపు గోడలు దాచి, రాత్రి తిరిగి ఇచ్చును. బయట సున్నకు దిగువ 15 డిగ్రీలున్నను లోపల చదువు సాగును. ఇది మన పెద్దలెరుగనిది కాదు. కాశ్మీరు మసీదుల హమాములలో రాతిపలకల నేల క్రింద నిప్పు వేయుదురు. నిప్పు ఆరినను ఆ రాయి గంటల తరబడి వేడిని విడువదు.

ఉన్న బడులను కూల్చుమని మేమనము. సందులు పూడ్చి, కప్పు క్రింద వేడి నిలుపు పొర వేసి, దక్షిణపు గోడకు అద్దపు వసారా చేర్చినచో, ఆపై చిన్న హీటరే చాలును. మబ్బు దినములకు అదియు ఉండవలసినదే.

చలి లేని మనకీ గొడవ ఏల అందురేమో. మన గదులలోని పాత పంకా ఒక్కొక్కటి 75 వాట్లు తినుచున్నది, క్రొత్తరకము బి.ఎల్.డి.సి. పంకా సుమారు 30 వాట్లతో తిరుగును. నాలుగు పంకాల గదికి ఆరు గంటలలో 1.8 యూనిట్లు కావలసినచోట 0.72 యూనిట్లు సరిపోవును. పాత పెట్టె రెగ్యులేటరు మరియొక వింత: వేగము తగ్గించినపుడు కరెంటులో కొంత వేడిగా మారి మార్చి నెల ఎండలో మన గదికే చేరును.

అయినను పంకాలకంటె ముందు పైకప్పుకు తెల్లసున్నము, పడమటి కిటికీలకు తడికలు కావలెను. యాజమాన్యమువారు ఈ వేసవి సెలవులలో సున్నము తెప్పించినచో, కుంచె పట్టుటకు మేము సిద్ధముగా నున్నాము.