చరిత్ర లేని డొల్లలు

విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 ఉంది. నౌకాదళంలో 29 ఏళ్లు ఎగిరి 2017 మార్చిలో రిటైరైంది. అదే డిసెంబరుకి మ్యూజియమైంది. లోపలికెళ్లి చూడొచ్చు. దాంతో నాకే పేచీ లేదు. పేచీ అంతా దిమ్మె మీద నిలబెట్టి, రంగేసి మర్చిపోయే విమానాలతోనే.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకి వీడ్కోలు చెప్పారు. అరవై ఏళ్లు దాటిన సర్వీసు. ఇక మా ఊరికొకటి, మా కాలేజీకొకటి అని అర్జీలు మొదలవుతాయి. సూర్యలంకలో వైమానిక స్థావరం ఉంది కాబట్టి బాపట్ల అడగొచ్చు. బాపట్ల అడిగాక తెనాలి, రేపల్లె ఊరుకుంటాయా? అడగండి. కానీ ఆ డొల్లతో పాటు దాని చరిత్ర కూడా అడగండి. దాని నంబరేంటి, ఎక్కడెక్కడ ఎగిరింది, ఏ యుద్ధం చూసింది? ఈ రకం విమానాలు కూలి ఎంతమంది కుర్ర పైలట్లు పోయారో కూడా ఫలకం మీద రాయించండి. అది రాసే ధైర్యం లేనప్పుడు స్మారకమనే మాటెందుకు? సెల్ఫీ పాయింటనే అనండి.

తుక్కు చేస్తే అవమానమట! తెనాలి శిల్పులు పాత బండ్ల ఇనుముతోనే నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. ఐఎన్ఎస్ విక్రాంత్‌ని 2014లో ముక్కలు చెయ్యడం మొదలుపెడితే మనసు చివుక్కుమంది, నిజమే. కానీ ఆ ఉక్కు బజాజ్ బండ్లలో చేరి రోడ్డెక్కింది. పేరూ ఊరూ లేకుండా ఉప్పుగాలికి పుచ్చిపోయే విమానానికి ఆపాటి గౌరవం కూడా దక్కదు. చరిత్ర రాయలేకపోతే దాన్ని కొలిమికి పంపండి.