ఎలుక ఎవరి సొత్తు?

1988 ఏప్రిల్ 12న అమెరికా పేటెంట్ల కార్యాలయం ఓ ఎలుకపై హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి హక్కులు రాసిచ్చింది. ఆ దేశంలో ఒక జంతువుకు దక్కిన తొలి పేటెంటు అదే. పేరు ఆంకోమౌస్. పుట్టుకతోనే క్యాన్సర్ ముప్పును మోసుకొచ్చే ఎలుక.

దాన్ని రూపొందించింది ఫిలిప్ లెడర్, తిమోతీ స్టీవర్ట్. క్యాన్సర్‌కు దారితీసే 'మిక్' జన్యువు పాలగ్రంథుల్లో చురుగ్గా పనిచేసేలా మార్పులు చేసి, ఫలదీకరణ చెందిన ఎలుక అండంలోకి ఎక్కించారు. ఆ జన్యువు తర్వాతి తరాలకూ సంక్రమించింది. ఆడ ఎలుకలకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 1984లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అప్పటిదాకా గాజుపాత్రలోని కణాల్లో చూసినదాన్ని బతికున్న ప్రాణిలో గమనించే వీలు చిక్కింది.

ఆ ఎలుక నేర్పిన పాఠం విలువైనది. గ్రంథిలోని ప్రతి కణంలోనూ ఆ జన్యువున్నా, గడ్డలు లేచింది మాత్రం ఒకటి రెండు చోట్లే. 1987లో 'రాస్' అనే మరో జన్యువునూ జత చేశారు. గడ్డలు త్వరగా, ఎక్కువగా వచ్చాయి. అయినా కణాలన్నీ క్యాన్సర్‌గా మారలేదు. అంటే ఒక్క జన్యువు చెడితే చాలదు, మరికొన్ని దెబ్బలూ తోడవ్వాలి.

పేచీ వచ్చింది యాజమాన్యం దగ్గరే. పరిశోధనకు డబ్బు పెట్టిన డ్యూపాంట్ కంపెనీకి ఎలుకపై లైసెన్సు దక్కింది. పేటెంటు పరిధి ఆ ఒక్క ఎలుకతో ఆగలేదు. క్యాన్సర్ జన్యువు ఎక్కించిన, మనిషి కాని క్షీరదాలన్నిటికీ విస్తరించింది. సొంతంగా అలాంటి ఎలుకను తయారుచేసుకున్న శాస్త్రవేత్త కూడా దాన్ని తోటివారికి ఇవ్వాలంటే కంపెనీ షరతులకు తలొగ్గాలి. ఆ ఎలుక సాయంతో కనుగొన్నవాటిపై వచ్చే రాబడిలోనూ కంపెనీ వాటా అడిగింది. క్యాన్సర్ జన్యువులపై పరిశోధనకే 1989లో నోబెల్ అందుకున్న హెరాల్డ్ వార్మస్ సహా ఎందరో దీన్ని వ్యతిరేకించారు. చివరికి 2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలతో ఒప్పందం కుదిరాక గానీ లాభాపేక్ష లేని పరిశోధనకు దారి సుగమం కాలేదు.

మిగతా దేశాలు తలో దారి పట్టాయి. యూరప్ జంతువు పడే బాధనూ, మనిషికి కలిగే మేలునూ తూకం వేసి పేటెంటు ఇచ్చినా, 2004 నాటికి దాన్ని ఎలుకలకే కుదించింది. కెనడా సుప్రీం కోర్టు 2002లో 5-4 మెజారిటీతో కుదరదు పొమ్మంది. మన పార్లమెంటు అదే ఏడాది పేటెంట్ల చట్టాన్ని సవరించి, సూక్ష్మజీవులు మినహా మొక్కలు, జంతువులకు పేటెంటు లేదని తేల్చింది.

మంచి నిర్ణయమే. కానీ చట్టం ఒక్కటే కాపలా కాయలేదు. విదేశీ ల్యాబ్ నుంచి ఎలుకతోపాటు వచ్చే ఒప్పంద పత్రంలో ఎవరికీ ఇవ్వకూడదన్న షరతు ఉంటే, చట్టం తలుపు తీసినా ఒప్పందం గొళ్లెం పెట్టేస్తుంది. ఆ ఎలుక తొలి పేటెంటు గడువు 2005లోనే తీరింది. పాఠానికి మాత్రం గడువు తీరలేదు. ప్రజాధనంతో నడిచే మన సంస్థలు సంతకం పెట్టేముందు ఆ పత్రాన్ని చివరి పంక్తిదాకా చదవాలి. తాము తయారుచేసిన ఎలుకను అడిగినవారికి ఇవ్వడానికీ సిద్ధపడాలి. క్యాన్సర్ రోగికి పేటెంటు గడువు తీరేదాకా ఆగే తీరిక ఉండదు.