మందు పెంచినకొద్దీ నొప్పి పెరిగితే?

ఆపరేషన్ గాయం మానుతోంది. కుట్లు శుభ్రంగా ఉన్నాయి, జ్వరం లేదు. అయినా దుప్పటి తగిలితే చాలు ఒళ్లు భగ్గుమంటోందని రోగి అంటాడు. మార్ఫిన్ పెంచితే నొప్పి తగ్గకపోగా కోత లేని చోటికీ పాకుతుంది. ఓపియాయిడ్ మందుల వల్ల వచ్చే ఈ అతి స్పందనను వైద్యులు హైపరాల్జీసియా అంటారు.

మార్ఫిన్, ఫెంటానిల్ నొప్పి సంకేతాలను అణిచే మందులే. కానీ మోతాదు ఎక్కువైతే వెన్నుపాములోని ఎన్ఎండీఏ గ్రాహకాలు ఉత్తేజితమై, నాడులు చిన్న తాకిడికే పెద్దగా స్పందించవచ్చు. 27 అధ్యయనాల్లోని 1,494 మంది రోగుల వివరాలను కలిపి 2014లో ప్రచురించిన విశ్లేషణలో, ఆపరేషన్ సమయంలో ఎక్కువ మోతాదు అందుకున్నవారికి తర్వాత నొప్పి ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఇది ప్రధానంగా రెమిఫెంటానిల్‌కు సంబంధించిన ఫలితం, తేడా కూడా చిన్నదే.

అసలు చిక్కు గుర్తించడంలో ఉంది. శరీరం మందుకు అలవాటుపడితే మోతాదు పెంచడం పనిచేస్తుంది. హైపరాల్జీసియాలో అదే బెడిసికొడుతుంది. రెండింటినీ విడదీసే రక్తపరీక్ష లేదు. రోగి మాటే ఆధారం.

ఢిల్లీలో ఆ మాటే తప్పిపోయే ప్రమాదం ఉంది. ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రులకు దేశం నలుమూలల నుంచీ రోగులు వస్తారు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చిన మనిషికి సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు. అవన్నీ హిందీలో 'దర్ద్' అయిపోయి, చార్టులో పదికి ఎనిమిదిగా మిగిలితే వైద్యుడికి తెలిసేది తక్కువ. (హిందీలోనూ జలన్, టీస్ వంటి మాటలున్నాయి, అడిగితే కదా!) నొప్పి ఎక్కడికి పాకింది, ఏం తగిలితే వస్తోంది అని అడగడానికి ఖర్చేమీ లేదు. మోతాదు పెంచే ముందు రక్తస్రావం, ఇన్ఫెక్షన్ లేవని చూసుకోవడంతో పాటు ఈ ప్రశ్నలూ తప్పనిసరి కావాలి.

దీన్ని మార్ఫిన్ మీద అభియోగంగా చదవకూడదు. ఘాజీపూర్, నీమచ్‌లలో ప్రభుత్వ నల్లమందు కర్మాగారాలున్న దేశంలోనే, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం నిబంధనల వల్ల క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ అందని పరిస్థితి వచ్చింది. 2014 సవరణ ఆ ముడిని కొంత సడలించింది. మళ్లీ భయం పెంచడం అన్యాయం. పారాసెటమాల్, నరాల బ్లాక్, అవసరమైతే ఎన్ఎండీఏ గ్రాహకాలను అడ్డుకునే కెటమిన్ స్వల్ప మోతాదు తోడైతే ఓపియాయిడ్ తక్కువ సరిపోతుంది. అప్పటికే ఎక్కువగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా క్రమంగా తగ్గించాలి. ఇంటికి రైలెక్కే రోగి చేతిలోని చీటీలో ఆ తగ్గింపు వివరం రోజులవారీగా, అతను చదవగలిగిన భాషలో ఉండాలి.