మాత్ర రాయని డాక్టరమ్మ

శ్రీనివాసపురం పక్క పల్లెలో పుట్టి, బెంగళూరులో మెదడు స్కానింగుపై పీహెచ్‌డీ చేస్తున్న ఓ అమ్మాయిని అనుకుందాం. పండక్కి ఊరొస్తే చాలు, అరుగు మీది పెద్దమ్మ పలకరిస్తుంది. 'ఏమ్మా, డాక్టరు చదువుతాండావంట కదా, మోకాళ్ల నొప్పికి ఏం మాత్ర మింగల్ల?' తాను ఆ డాక్టరు కాదంటే రెండో ప్రశ్న సిద్ధం. 'మరి ఇన్నేండ్లుగా ఏం చదువుతాండావు?'

రెండు ముక్కల్లో చెప్పే చదువు కాదది. మెదడు స్కాన్ అంటే మనసులో మాట చదివేస్తారనుకుంటారు చాలామంది. అంత సీను లేదు. మెదడులో ఏ భాగం ఎక్కువ పని చేస్తే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ తేడాను పెద్ద అయస్కాంతం పసిగడుతుంది. జపాన్ శాస్త్రవేత్త సీజీ ఒగావా బృందం అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఎలుకలపై ఈ సంగతి తేల్చింది 1990లో. స్కాన్ గంటలో అయిపోతుంది. అసలు చాకిరీ ఆ తర్వాతే. లోపలి మనిషి తల కాస్త కదిలినా బొమ్మ చెడిపోతుంది. దాన్ని సరిదిద్దుతూ వారాల తరబడి కంప్యూటర్ ముందే కూర్చోవాలి. పగలు యంత్రం రోగులకు కావాలి కాబట్టి చాలాచోట్ల పరిశోధనకు మిగిలేవి రాత్రులూ సెలవు రోజులే.

ఇంతా చేసి, వచ్చిన బొమ్మను నమ్మడానికి లేదు. 2009లో అమెరికా పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించారు. లెక్కల్లో తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోతే చచ్చిన చేప మెదడు కూడా 'ఆలోచిస్తున్నట్టు' కనిపించింది. నవ్వించే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ 2012లో దానికి దక్కింది. ఈ రంగంలో పిల్లలు నేర్చుకునే మొదటి పాఠం తమను తాము అనుమానించుకోవడమే.

మరెందుకు ఈ పాట్లు? ఆ ప్రోగ్రామింగు, ఆ గణాంకాలు వచ్చిన పిల్లకు అదే ఊళ్లో సాఫ్ట్‌వేర్ కొలువు దొరక్కపోదు. పరిశోధనకు వస్తే, 2023 నుంచి పెంచిన లెక్క ప్రకారం జేఆర్ఎఫ్ నెలకు 37 వేలు. అదీ వేళకు పడటం లేదని విద్యార్థులు ఎన్నిసార్లు మొత్తుకున్నారో! అయినా మన అమ్మాయి వదల్లేదు. కారణం వాళ్లవ్వ. బడి మొహం చూడని మనిషి. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. మతిమరుపు ముదిరాక కన్నడం జారిపోయింది, తెలుగు మిగిలింది. ఎందుకలా? ఆ ప్రశ్నే పిల్లను అక్కడ కూర్చోబెట్టింది.

ఇది మన సరిహద్దు జనం ప్రశ్న కూడా. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది మతిమరుపు రోగుల వివరాలతో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ఓ అధ్యయనం వెలువరించింది. ఒక్క భాషే వచ్చినవారికంటే రెండు భాషలవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురాని వారిలోనూ ఇదే తీరు. మూడో భాష వల్ల అదనపు లాభం మాత్రం కనబడలేదు. రెండు భాషలుంటే జబ్బే రాదని దీనర్థం కాదు. ఆ ఆలస్యం మెదడులో ఎక్కడ, ఎలా జరుగుతోందో వెతకడానికే ఈ స్కాన్లు. రెండు భాషలను పుట్టుకతో మోసే కోలారు, బళ్లారి, హోసూరు జనంకంటే దీనికి తగినవారు ఎవరు?

ప్రపంచమంతా వాడే కొలబద్ద మెదడు మాంట్రియల్‌లో 152 మంది స్కాన్లతో తయారైంది. మనవాళ్ల కోసం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2019లో 100 మందితో ఓ అట్లాస్ తెచ్చింది. సగటున మన మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం కాస్త తక్కువేనని అందులో తేలింది. తెలివికీ దీనికీ ముడిపెట్టుకుని బాధపడనక్కర్లేదు. కానీ పరాయి కొలతతో కుట్టిన చొక్కా మనకెలా సరిపోతుంది?

తీరా, జబ్బు లేని పెద్దవాళ్లను స్కాన్‌కు రమ్మంటే 'నాకేం పిచ్చా?' అంటారు. నిమ్హాన్స్ పేరునే తిట్టుగా వాడే అలవాటు మనది. తప్పు మనదొక్కటే కాదు. సంతకం పెట్టే కాగితం ఇంగ్లిషులో ఇస్తే ముసలమ్మకు ఏం అర్థమవుతుంది? తెలుగులో రాసివ్వాలి. బస్సు చార్జీలివ్వాలి. పని ఆగితే కూలీ కూడా ఇవ్వాలి. ఉపకార వేతనం ఒకటో తారీఖున పడాలి.

ఇంతకీ భయపడేంత ఏమీ లేదక్కడ. ఎక్స్‌రే కిరణాలుండవు. గుండెకు పేస్‌మేకర్ లాంటివి ఉంటే ముందే చెప్పాలి. లోపల సుత్తితో బాదినట్టు మోత, అందుకు చెవులకు బిరడాలిస్తారు. లోహం ఒంటి మీద ఉండకూడదు కాబట్టి మెట్టెలు, గాజులు, జడపిన్నులు తీసేయాలి. తాళి తీయమంటే మన ఆడవాళ్లు గుమ్మం నుంచే వెనక్కి తిరుగుతారు. పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుని వెళితే ఆ యంత్రానికి ఏ అభ్యంతరమూ లేదు.